ఏటీఎం గుమ్మం బయట

2016 జూన్, సముద్రంలో చేపల వేట నిషేధం ఆఖరి రోజు. బ్యాంకులో ఉన్నవారు: మేనేజరు, మా వీధిలో చేపలమ్మే ఆమె, నేను.

నీసు వాసనకు ఎవరైనా విసుక్కుంటారని ఆమె ఏటీఎం గదిలో అడుగుపెట్టేది కాదు. గుమ్మం బయటే నిలబడి, లోపలికెళ్ళేవాళ్ళకి కార్డిచ్చి నంబరు చెప్పేది. పడవకు కొత్త ఇంజను కోసం దాచిందంతా ఎవరో తీసేసుకున్నారు.

"కార్డు ఎవరికిచ్చావమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఇస్త్రీ సొక్కా బాబుకి. గుప్పిట్లో సిన్న మిసనుంటే దాన్లో గీసినాడు. కార్డుకంటిన వాసన తుడుస్తన్నాడు, ఎంత మంచోడో అనుకున్నాను."

"అది కార్డును కాపీ చేసే మిషనమ్మా. నంబరు నువ్వే చెప్పావు. ఇక డబ్బు రాదు."

ఆమె నావైపు తిరిగింది. "మీరైనా సెప్పండి మేస్టారూ."



మర్నాడు తెల్లవారేసరికి పడవలన్నీ వేటకు వెళ్ళాయి. వాళ్ళది ఇసుకలోనే ఉంది. ఆమె మగడు వేరొకరి పడవలో కూలికి ఎక్కాడు.