అమ్మోరి కథకు వంత

మొన్న ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎక్కడో కరీబియన్ ద్వీపం. తెల్లదొరలు ఓడల్లో తోలుకెళ్ళిన రకరకాల జనం కలిసి పుట్టించుకున్న క్రియోల్ భాషకి అక్కడివాళ్ళు పండగ చేసుకుంటున్నారు. మన గళ్ళ లుంగీల్లాంటి బట్టతో పావడాలు కుట్టుకుని ముసలమ్మలు ఆడుతున్నారు. పక్కన పెద్ద డేగిసాలో చేపల పులుసేదో ఉడుకుతోంది. పిల్లా పెద్దా అందరూ ఆ భాషలోనే గొంతు కలుపుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. "ఆల పండక్కి నువ్వేటికి ఏడుస్తన్నావు?" అన్నారు మా ఆయన. ఎందుకంటే, బొబ్బిలిలో జరిగిన మా పండగ గుర్తొచ్చింది.

మా మేనమామ జముకుల పాటగాడు. జముకంటే చంకలో ఇరికించుకుని తీగ మీటే వాద్యం. దాని మీద మావ అమ్మవారి కథ చెప్పేవాడు, అత్త వంత పాడేది. మొదలెట్టిన కథ సగంలో ఆపకూడదు, పిలిచిన అమ్మవారు దారిలోనే నిలబడిపోతుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి వానకి ఊరంతా పారిపోతే, మిగిలిన ఒక్క మేకకీ కథ పూర్తిచేసి మరీ వచ్చాడట. అత్త పోయాక వంతకి నేనే దిక్కయ్యాను. కథ నేర్చుకోడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఇంతలో మావ గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం ఉంటుంది, మాట ఉండదన్నారు డాక్టర్లు. అప్పుడే బొబ్బిలిలో 'మన యాస, మన వంట, మన పాట' అని పండగ పెట్టారు. మావ ఆపరేషన్ వాయిదా వేయించాడు. "మనోల్లందరూ వస్తారే గుంటా. ఒక్కడైనా నేర్సుకుంతానంతాడు" అన్నాడు. యాభై దాటినా ఆయనకి నేను గుంటనే, చిన్నపిల్లనే.

మన యాస గొప్పదనం గురించి పత్రికల భాషలో ఉపన్యాసాలయ్యాయి. చోడి అంబలికీ, అంటే రాగి జావకీ, నెత్తళ్ళ చేపల ఇగురుకీ జనం తోసుకున్నారు. మావ వంతు రాగానే, "పది నిమిషాలండీ పెద్దాయనా, తర్వాత డాన్సుంది" అన్నాడు నిర్వాహకుడు. "పది నిమిసాల్లో అమ్మోరు పుట్టదు బాబూ" అన్నాడు మావ. నవ్వుతూ మైకు ఇచ్చారు, అన్న మాట ప్రకారం పది నిమిషాలకి లాగేసుకున్నారు. మావ ఆపలేదు. పాడుతూనే మెట్లు దిగి వంటల షామియానా వెనక కూర్చున్నాడు. వెనకే వెళ్ళి నేను వంత అందుకున్నాను. పళ్ళేలు పట్టుకొచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయారు. పక్కన పెట్టిన నా ఫోను డాన్సు పాటల హోరునే రికార్డు చేసింది. అమ్మవారు పుట్టింటి నుంచి బయల్దేరిన చోట మావ గొంతు పూడుకుపోయింది. పెదవి మీద నెత్తురు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు సెప్పీయే. అమ్మోరు దార్లో ఉండిపోద్ది."

"నాకొచ్చింది వంతే మావా. కత రాదు."

ఆ ముఖం చూడలేకపోయాను. కథలో ఆ తర్వాత ఏమైందో ఈ లోకంలో ఆయనొక్కడికే తెలుసు.

ఆపరేషన్ అయింది, మావ బతికే ఉన్నాడు. మాట లేదు, రాయడం మొదట్నుంచీ రాదు. నేను వెళ్తే జముకు తీస్తాడు. వాయిస్తూ పెదవులు కదుపుతాడు, నా వంతు రాగానే తలూపుతాడు. అత్త పాడినట్టే పాడతాను, "ఆ పైనేటమ్మా తల్లీ, ఆ పైనేటి?" అని, ఆ తర్వాతేమిటని అడుగుతూ. మళ్ళీ పెదవులు కదుపుతాడు. కాలమే అన్నీ చెబుతుందంటారు. మాకు మాత్రం అది, మావ పెదవులు చెప్పినంతే చెబుతోంది.