మాట్లాడకుండా కూర్చోవడానికి, నోవై నుంచి క్లీవ్‌లాండ్ దాకా

ఫిబ్రవరి నెలలో మిషిగన్ నుంచి ఒహైయోకి ఎవరూ సరదాకి వెళ్ళరు. నేనూ సరదాకి వెళ్ళలేదు. శుక్రవారం పొద్దున రూత్ ఆంటీ దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది: డేవిడ్ అంకుల్ పోయారు, అంత్యక్రియలు ఈ రోజే, నువ్వు ఆదివారం ఇంటికి రా. అంత్యక్రియల తర్వాత దగ్గరి కుటుంబం ఏడు రోజులు ఇల్లు కదలకుండా కూర్చోవడం యూదుల ఆచారం. దాన్ని షివా అంటారు. పలకరించేవాళ్ళే ఆ ఇంటికి వెళ్తారు. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళకు ఇలాంటి పిలుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే ఆచారాల పట్టికలు దొరుకుతాయి కానీ, వెళ్ళివచ్చిన మనిషి రాసిన మాట దొరకదు. అందుకే ఇది రాస్తున్నాను.

డేవిడ్ అంకుల్ నా డిబేట్ పార్ట్‌నర్ ఈథన్‌కు తండ్రి, రూత్ ఆంటీ తల్లి. రెండేళ్ళపాటు ఈథన్, నేను ఒకే బల్ల వెనక కూర్చుని ఒకే పక్షాన వాదించాం. గత శరదృతువులో మా యూనివర్సిటీ విద్యార్థి సభలో యుద్ధం మీద ఒక తీర్మానం వచ్చింది. ఏ యుద్ధమో మీకు తెలుసు. దాని మీద మేమిద్దరం మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డాం. నేను ఏ పక్షమో ఇక్కడ రాయను. రాస్తే కింద కామెంట్లలో మీరంతా ప్రయాణం సంగతి వదిలేసి యుద్ధం చేస్తారు. ఒక్కటి మాత్రం చెప్తాను: ఆ ప్రసంగంలో ఒక్క వాక్యాన్ని కూడా నేను వెనక్కి తీసుకోను. సభ అయ్యాక కారిడార్‌లో ఈథన్ అన్నాడు, "బాగా మాట్లాడావు. నా కజిన్ ఉండే ఊరి పేరు వచ్చినప్పుడు కూడా నీ గొంతు మారలేదు." మరుసటి రోజు టీమ్ వదిలేశాడు. నాలుగు నెలలుగా మా మధ్య మాటల్లేవు.

షివా ఇంటికి వెళ్ళేవాళ్ళకు ఒక నియమం ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి తానుగా మాట్లాడేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. పలకరింపు కూడా కూడదు. వెళ్ళి, కూర్చుని, ఎదురుచూడాలి. నాతో మాట్లాడకూడదని నిశ్చయించుకున్న మనిషి ముందు, అతను మాట్లాడితే తప్ప నోరు విప్పే హక్కు లేకుండా కూర్చోవడానికి నేను బయలుదేరాను. వాదనతో గెలవలేని చోటికి నేను వెళ్ళడం బహుశా అదే మొదటిసారి.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు నోవైలో మా ఇంటి గరాజ్ దగ్గరే మొదటి వాదన జరిగింది. డేవిడ్ అంకుల్‌కు మా అమ్మ చేసే పులిహోర ప్రాణం. మా ఇంటికి వచ్చిన రెండుసార్లూ డబ్బా కట్టించుకుని పోయారు. కొంచెం చేసివ్వమని అమ్మను అడిగాను.

"చావింటికి పులిహోర ఏంటే? పసుపు వేసింది పంపిస్తారా ఎవరైనా!"

"వాళ్ళకి ఆ పట్టింపు లేదమ్మా. అంకుల్‌కి ఇష్టం కదా."

"ఇష్టపడే మనిషి లేడుగా," అంది అమ్మ. పులిహోర మాట వదిలేశాను. కారు తాళాలు చేతిలో పెడుతూ, "ఆ అబ్బాయితో గొడవేసుకోకు. ఎవరు రైటో అక్కడ తేల్చక్కర్లేదు," అంది. మాట్లాడనే కూడదమ్మా అన్నాను. అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వా?" అంది.

దారి సులువే. 275 హైవే మీద దక్షిణంగా వెళ్ళి, 75 పట్టుకుని టొలీడో దాకా, అక్కడ ఒహైయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కి తూర్పుకు. ఆ తర్వాత 480, 271 మీదుగా క్లీవ్‌లాండ్ తూర్పు శివార్లకు. మంచు లేకపోతే మూడు గంటల లోపు. ఆ రోజు ఈరీ సరస్సు మీదనుంచి వచ్చే గాలికి మంచు అడ్డంగా కొడుతుండటంతో నాలుగు గంటలు పట్టింది. రానుపోను టోల్‌కు, పెట్రోలుకు కలిపి యాభై డాలర్లు చేతిలో ఉంచుకుంటే చాలు. టోల్ పాస్ ఉంటే ఇంకా తగ్గుతుంది. టొలీడో దాటేదాకా రేడియోలో వార్తలు విన్నాను. ఏ ఊరి మీద ఏం పడిందో, ఎవరు ఖండించారో, ఎవరు ఖండించలేదో. ఇద్దరు నిపుణులు ఒకరి మాట మీద ఒకరు ఎక్కి తొక్కుతున్నారు. మామూలు రోజుల్లో స్టీరింగ్ మీద గుద్దుతూ నేనూ మూడో నిపుణురాలిని అయ్యేదాన్ని. ఆ రోజు ఆపేశాను. తర్వాత వైపర్ల చప్పుడే వింటూ వెళ్ళాను. దారి పొడవునా కోసేసిన మొక్కజొన్న చేలు, వాటి మీద బూడిదరంగు మంచు. ఈ మార్గంలో చూడదగ్గవి ఏవీ లేవని నిజాయితీగా చెప్పాలి.

ఒంటిగంటన్నరకు బీచ్‌వుడ్ చేరాక, వాళ్ళింటికి దగ్గర్లోని కోషర్ బేకరీలో ఆగాను. కోషర్ అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం వండినది. మన వంటింట్లో చేసింది ఎంత శాకాహారమైనా అందరూ తినలేకపోవచ్చు కాబట్టి, ఇలాంటి చోట కొనడమే మంచిది. కౌంటర్ వెనక ఉన్నావిడ నేను చాక్లెట్ కేకు వైపు చూపించగానే అడిగింది, "షివాకా? ఎన్నో రోజు?"

"మూడోది."

"అయితే ఆ ఇంట్లో ఇప్పటికే కేకుల దుకాణం పెట్టుకోవచ్చు. ఏడ్చేవాళ్ళకి షుగర్ తెప్పించాలని ఈ ఊళ్ళో అందరూ కంకణం కట్టుకున్నారు," అంటూ రెండు రై రొట్టెలు కోసి సంచిలో పెట్టింది. పదిహేను డాలర్లయింది. చిల్లర ఇస్తూ, "ఎవరు?" అంది. పేరు చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది. "ఆయన మా అబ్బాయికి హిస్టరీ చెప్పాడు. ప్రతి వారం వచ్చి నా బేగెల్స్ రాళ్ళలా ఉన్నాయని చెప్పి, ఆరు కొనుక్కుపోయేవాడు," అని మూడో రొట్టె కూడా పెట్టి, దానికి డబ్బు తీసుకోలేదు.

షివా ఇంటి తలుపు గడియ వేసి ఉండదు. బెల్లు కొట్టకూడదు, తోసుకుని లోపలికి వెళ్ళాలి. ఇవన్నీ చదివే వెళ్ళాను. తలుపు తోశాను. ఆచారం ప్రకారం గోడ మీది అద్దానికి తెల్ల దుప్పటి కప్పి ఉంది. ఇరవై మందిదాకా ఉన్న గదిలో గుసగుసలు తప్ప చప్పుడు లేదు. చదివినవన్నీ గుర్తుపెట్టుకున్న నేను, గుమ్మం దాటగానే అలవాటు ప్రకారం బూట్లు విప్పి గోడ పక్కన పెట్టి, సాక్సులతో నడిచి వెళ్ళాను. మొదటిసారి వాళ్ళింటికి వచ్చినప్పుడు కూడా అలాగే చేశాను. అప్పుడు అంకుల్ నా కాళ్ళ వైపు చూసి, "యువర్ ఆనర్, ఇది ఇల్లు. మ్యూజియం కాదు," అన్నారు. ఆయన నన్ను పేరుతో పిలిచింది తక్కువ.

రూత్ ఆంటీ, ఈథన్ ఎత్తు తక్కువ స్టూళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఈథన్ చొక్కా మీద, దుఃఖానికి గుర్తుగా చింపిన నల్ల రిబ్బన్ ముక్క ఉంది. గడ్డం గీసుకోలేదు. ఆంటీ నా చేయి పట్టుకుని పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టింది. "రోడ్లు ఎలా ఉన్నాయి?" అంది. పర్లేదన్నాను. ఈథన్ నన్ను చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. నేను నియమం పాటించాను.

గంట గడిచింది. మా ఇద్దరికీ ఎదురుగా టీవీ ఉంది, దాని మీదా దుప్పటి. డేవిడ్ అంకుల్‌కు ఉన్న ఒకే ఒక హాబీ ఆ టీవీ. మనుషులు స్టాంపులు పోగేస్తారు, చేపలు పడతారు. ఆయన సాయంత్రం వార్తల్లో చర్చ మొదలవగానే రిమోట్‌తో గొంతు నొక్కేసేవారు. తెర మీద ఇద్దరు మనుషులు నోళ్ళు ఆడిస్తుంటే, ఆ ఇద్దరి మాటలూ ఈథన్, నేను చెప్పాలి. ఎవరు ఎవరి గొంతో ఆయనే పంచేవారు. ఎప్పుడూ మాకు నచ్చని పక్షమే ఇచ్చేవారు. నేను విసుక్కుంటే, "నచ్చిన పక్షం అద్దం ముందు వాదించుకోవచ్చు, యువర్ ఆనర్. దానికి ఇక్కడిదాకా పెట్రోలు దండగ," అనేవారు. ఈ దేశపు వార్తా చానెళ్ళు మనుషులకు ఇచ్చే చదువంతా కలిపినా ఆ సోఫా మీద దొరికిన దానికి సరితూగదని నేను ఎక్కడైనా వాదించగలను. ఇప్పుడు ఆ సోఫా మీద కోట్లు కుప్పగా పడి ఉన్నాయి.

నాలుగున్నరకు సాయంత్రపు ప్రార్థన. అందులో చనిపోయినవారి కోసం చదివేది చదవాలంటే పదమూడేళ్ళు దాటిన యూదులు పదిమంది ఉండాలి. మంచు ఎక్కువవుతోందని చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు. ఆర్నీ అనే పొరుగాయన వేలు చూపకుండా, "ఒకరు కాదు, ఇద్దరు కాదు," అంటూ లెక్కపెట్టసాగాడు. మనుషుల్ని నేరుగా లెక్కపెడితే దిష్టి తగులుతుందని వాళ్ళ భయం. నా దగ్గరకు వచ్చేసరికి చిన్నగా నవ్వి, దాటి వెళ్ళాడు. "తొమ్మిది కాదు," అని ఆగిపోయాడు. ఏ గదిలోనైనా ముందు వరస అడిగి తీసుకునే నేను, లెక్కలోకి రాని మనిషిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆర్నీ ఎవరికో ఫోన్ చేశాడు. పది నిమిషాలకు తలుపు తెరుచుకుని, నడుం పూర్తిగా వంగిపోయిన ఒక ముసలాయన మంచు దులుపుకుంటూ వచ్చాడు. పేరు సై. ఈథన్ లేచి నిలబడి తండ్రి కోసం చదివాడు. డిబేట్‌లో ఎప్పుడూ తడబడని గొంతు రెండుచోట్ల ఆగిపోయింది.

ప్రార్థన అయ్యాక సై వెళ్ళబోతూ కుటుంబం దగ్గరకు వచ్చాడు. షివా ఇంటినుంచి వెళ్ళేవాళ్ళు చెప్పే ఒక వాక్యం ఉంది. దుఃఖిస్తున్న మిగతా అందరితోపాటు మీకూ దేవుడు ఓదార్పునివ్వాలని దాని భావం. ఆ వాక్యం జియాన్, జెరూసలేం అనే పేర్లతో ముగుస్తుంది. కారులో అది సాధన చేస్తూ వచ్చాను, కానీ చెప్పగలనో లేదో తేల్చుకోలేదు. నమ్మని మాట నేను పలకను. సభలో ఆ పేర్లు నా నోటినుంచి ఎలా వచ్చాయో విన్న మనిషి ఎదురుగానే ఉన్నాడు.

సై నడుం వంపుకు మనుషుల ముఖాలు కనబడవు, కాళ్ళే కనబడతాయి. ఆంటీ గుడ్డ చెప్పుల ముందు ఆగి ఆ వాక్యం చెప్పాడు. ఈథన్ సాక్సుల ముందు ఆగి చెప్పాడు. తర్వాత నా సాక్సుల ముందుకు వచ్చి, మొదలుపెట్టాడు.

"సై, ఆ అమ్మాయి ఫ్యామిలీ కాదు," అన్నాడు ఆర్నీ. "ఈథన్ ఫ్రెండ్."

"మరి బూట్లేవి?" అన్నాడు సై చిరాగ్గా.

అప్పుడు చూశాను. ఆ గదిలో వచ్చినవాళ్ళందరి కాళ్ళకూ బూట్లున్నాయి. తోలు బూట్లు వేసుకోనిది దుఃఖంలో ఉన్న కుటుంబం ఒక్కటే. నేనూ సాక్సులతో వాళ్ళ వరసలో కూర్చున్నాను. క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాను.

"పర్లేదు, సై," అన్నాడు ఈథన్. "ఆమెకీ చెప్పండి. మొత్తం చెప్పండి."

సై మళ్ళీ మొదటినుంచి, చివరి రెండు పేర్ల దాకా, నాకు చెప్పాడు. చెప్పి వెళ్ళిపోయాడు. దానికి జవాబిచ్చే ఆచారం లేదు.

"మ్యూజియం కాదని డాడ్ ఎన్నిసార్లు చెప్పాడు నీకు," అన్నాడు ఈథన్, నా వైపు చూడకుండా.

"అలవాటు."

"సాక్సుకి చిల్లుంది."

"తెలుసు."

"నువ్వన్నది నేను మర్చిపోలేదు," అన్నాడు ఈథన్.

"వెనక్కి తీసుకోవడానికి రాలేదు."

"తీసుకుంటే ఆయన నిన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు." నవ్వబోయి మానేశాడు. "మనం మాట్లాడుకోవడం మానేశాక నీకు ఫోన్ చేశాడట కదా. ఏమన్నాడు?"

"ఇద్దరూ కలిసి రండి, టీవీ పెడతానన్నారు. ఒక్కరే వస్తే పెట్టనన్నారు."

"నాకూ అదే చెప్పాడు." ఈథన్ దుప్పటి కప్పిన టీవీ వైపు చూశాడు. "పెట్టలేదు కూడా. నేను వచ్చిన ప్రతిసారీ రిమోట్ పక్కన పెట్టుకుని, దాని ముందు కూర్చునేవాడు. నాలుగు నెలలు. ఆన్ చేయలేదు."

టీమ్‌లోకి తిరిగి వస్తావా అని నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆరు గంటలకు లేచాను. దుఃఖంలో ఉన్నవాళ్ళు సాగనంపడానికి గుమ్మం దాకా రాకూడదు. చావింటినుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని మనం చెప్పకూడదు. రెండు ఆచారాలూ కలిసి మాకు మాట అవసరం లేకుండా చేశాయి. బూట్లు వేసుకుంటూ వెనక్కి చూస్తే, ఈథన్ మళ్ళీ నేల వైపే చూస్తున్నాడు.

ఇంటికి చేరేసరికి అమ్మ గరాజ్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "ఏదీ ముట్టుకోకు. ముందు తలకి పోసుకో," అంది. తర్వాత మెల్లగా, "మాట్లాడాడా?" అంది.

"సాక్సుకి చిల్లుందన్నాడు."

అమ్మ ఒక క్షణం ఆలోచించి, "అది మాట్లాడినట్టే," అంది. నాకంత నమ్మకం లేదు. ఇది రాస్తున్న రోజుకు ఈథన్ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. నేనన్నది సరైనదేనని ఇప్పటికీ ఏ వేదిక మీదైనా నిరూపిస్తాను. మాటకు మాట బదులివ్వగలిగిన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి వినాలని ఒక మనిషి నాలుగు నెలలు నల్లటి తెర ముందు కూర్చున్నాడన్న సంగతికి మాత్రం ఎదురువాదన తయారుచేయలేకపోతున్నాను. నా కాలేజీ గదిలో వార్తలు వస్తుంటే ఈమధ్య గొంతు నొక్కేసి చూస్తున్నాను. ఒక గొంతు నేను చెప్పగలను. రెండోది ఖాళీగానే ఉంటుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: షివా ఇంట్లో బూట్లు విప్పకండి. అక్కడ విప్పేది పోయిన మనిషి సొంతవాళ్ళు మాత్రమే. గుమ్మంలో మీ చెయ్యి దానంతటదే లేసుల మీదికి వెళ్తే, ఇక అది మీ ఇష్టం.