కప్పతల్లికి కట్టిన పాట

నేను మొట్టమొదట పాట కట్టింది వాన కోసం. యాభైల చివరి సంవత్సరాలవి. నాకు పది పదకొండేళ్లుంటాయేమో. కోస్గి దగ్గర మా ఊళ్లో ఆ ఏడు మృగశిర వెళ్లిపోయినా చినుకు రాలలేదు. మాకు గొర్రెలుండేవి. మేత లేక బాపు మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, నేను మిగిలాం.

ఒకరోజు పొద్దున్నే ఆడవాళ్లంతా కప్పతల్లి ఆడదామన్నారు. కప్పను వేపమండల మధ్య పెట్టి, గుడ్డలో వదులుగా కట్టి, రోకలికి వేలాడదీసి ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. పైనుంచి దేవుడు చూసి వానగా తిరిగిస్తాడని నమ్మకం. పాట ఎత్తుకునేది మా అవ్వే. ఆమె గొంతు ఖంగున మోగేది.

ఊరి చివర ఒక ఇంటి ముందు ఆగాం. ఆ ఇంటావిడ చంటిబిడ్డ తల్లి, అవ్వకు వరసకు కోడలు. సగం చెంబు నీళ్లు పట్టుకొని గడపలోనే నిలబడిపోయింది.

“అత్తా, బాయి ఎండింది. పొల్లకు తాపనీకి గివ్వే ఉన్నయి.”

అవ్వ పాట ఆగిపోయింది. పాట అక్కడే తెగిపోవడం భరించలేక కాబోలు, నేను గొంతెత్తాను.

“సుక్క నీళ్లే సాలు మాకు కప్పతల్లీ,
సంటిపొల్ల దూప సూడు కప్పతల్లీ,
గట్టు మీద గడ్డి మొల్వాలె, మా బాపు
మందతోని మళ్ల రావాలె కప్పతల్లీ.”

రెండోసారికి ఆడవాళ్లందరూ అందుకున్నారు. ఆ ఇంటావిడ కళ్లు తుడుచుకొని, వేళ్లు చెంబులో ముంచి కప్ప మీద చిలకరించింది. మిగతావి పోయబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది.

“గంతే సాలు బిడ్డా. పొల్లకు తాపు.”

ఇంటికి వస్తుంటే అవ్వ అడిగింది: “గా పాట ఎవలు నేర్పిండ్రే?”

“ఎవ్వలు నేర్పలే. నోట్లకు అదే వచ్చింది.”

“గట్ల వచ్చిందంటే దేవుడిచ్చిండన్నట్టు. ఇడిసిపెట్టకు.”

వాన మాత్రం రాలేదు. రోజూ వాకిట్లో నిలబడి మబ్బు కోసం చూసేదాన్ని. చివరికి ఉక్రోషం ఆగలేదు.

“అంత మంచిగ పాడితే ఏమొచ్చిందవ్వా?”

అవ్వ కోప్పడలేదు. పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ అంది: “వాన కొననీకి పాడినమా బిడ్డా? మన బాధ ఆయనకు చెప్పుకున్నం. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు ఆయన ఇష్టం.”

ఆ మాట అప్పుడు నాకు రుచించలేదు. తర్వాత చదువుకున్నాను, నల్లగొండలో పంతులమ్మనయ్యాను, కవితలు రాశాను. అచ్చయినవి కొన్ని, తిరిగొచ్చినవి ఎన్నో. పూజలో కూర్చున్నా కాగితం ముందు కూర్చున్నా, నాకు ఆసరా అయింది మాత్రం ఆ మాటే.

ఆ ఏడు వాన ఆరుద్ర కార్తె చివర్లో పడింది. చాలా రోజులకు బాపు మందతో తిరిగొచ్చాడు. తడిసిన ఉన్ని వాసనతో వాకిలంతా నిండిపోయింది. అమ్మ పాట సంగతి చెప్పేసరికి బాపు నన్ను పాడమన్నాడు. గొర్రెల వైపే చూస్తూ విన్నాడు. “మంచిగుంది,” అని దొడ్డి తడిక వేయడానికి వెళ్లిపోయాడు. అమ్మ నవ్వింది. “మీ బాపు గంత మాట అనుడే ఎక్కువ,” అంది.

అప్పటినుంచి అవ్వ గుట్టకు పోయినప్పుడల్లా నాకోసం ఏదో ఒకటి తెచ్చేది. కౌజుపిట్ట ఈక, రంగురాయి, ఎండిన పిట్టగూడు. ఒకసారి కొంగు ముడి విప్పి సీతాఫలం పువ్వు నా చేతిలో పెట్టింది. మూడే మూడు దళసరి రేకులు, ఆకులో కలిసిపోయే రంగు.

“పండు అందరు తింటరు. పువ్వును ఎవ్వలు చూడరు. నువ్వన్న చూడు.”

ఆ మధ్యాహ్నం అరుగు మీద అవ్వ ఒడిలో తలపెట్టుకొని, ఆ పువ్వును తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాను.