బరువు మిషను ఎదుట పోస్టరు

2023, మిరప కోతల కాలం. సత్తెనపల్లి దగ్గర ఒక పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, నేను స్టాఫ్‌నర్సుని. గర్భిణుల పోషకాహారం మీద సదస్సు పెట్టారు. పేరు ప్రభుత్వానిది, ఖర్చు డబ్బాల్లో తీపి పొడి అమ్ముకునే ఒక కంపెనీది. మా పాత కరపత్రంలో ‘తీపి పానీయాలు తగ్గించండి’ అని ఉండేది. కంపెనీ అచ్చు వేయించిన కొత్తదాంట్లో ఆ మాట ఎగిరిపోయింది. నేను చూసుకోలేదు. పైగా ‘కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ పొడే చాలు, రోజుకు మూడు గ్లాసులు’ అని వాళ్ళిచ్చిన పోస్టరును బరువు మిషను ఎదురుగా నా చేత్తోనే అతికించాను.

రెండు నెలల తర్వాత మస్తాన్‌బీ వచ్చింది. కోతలకు వెళ్ళే కూలీ, ఏడో నెల. షుగరు చూస్తే చాలా ఎక్కువుంది. జీడీఎం, అంటే గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగరు.

"ఏం తింటున్నావమ్మా?"

"తినేదేముంది మేడం, ఆ పొడే. పొద్దున ఒకసారి, చేలో రెండుసార్లు. కాయ కోసిన చేత్తో అన్నం కలుపుకుంటే నోరంతా మంటే గదా. సీసాలో కలుపుకుపోతే చెయ్యి పెట్టే పనే లేదు."

"అన్నం మానెయ్యమని ఎవరు చెప్పారు?"

"మీరేగా గోడకి పెట్టింది! మా అత్త పప్పు తిను, గుడ్డు తిను అని పోరుతుంటే, ఆస్పత్రోళ్ళకంటే నీకెక్కువ తెలుసా అని నేనే నోరు మూయించా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పొడి వల్లే షుగరు వచ్చిందని నేను అనను. వచ్చినదాన్ని ఎగదోసింది మాత్రం అదే. గుంటూరు పెద్దాసుపత్రికి పంపాం. ఇన్సులిన్ పెట్టారు, నెలలు నిండాక ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. పుట్టగానే బిడ్డకు షుగరు పడిపోయి మూడు రోజులు అద్దాల గదిలో ఉంచారు.

మస్తాన్‌బీని గుంటూరు పంపిన రోజే పోస్టరు చింపేశాను. వారం తిరక్కుండా పై అధికారి ఫోను.

"ఎందుకు తీశారమ్మా? వాళ్ళు మనకి సపోర్టు చేస్తున్నారు గదా."

"మనమే వాళ్ళ సరుక్కి సపోర్టు చేస్తున్నాం సార్. కరపత్రంలో ఆ మాట ఎవరు తీసేశారు?"

"అవన్నీ పైన నిర్ణయిస్తారు. మీ పని మీరు చూసుకోండి."

ఆ ‘పైన’ కూర్చున్నవాళ్ళ పక్క కుర్చీలో ఆ కంపెనీవాళ్ళున్నారని నాకు తెలుసు. సదస్సులో శాలువాలు కప్పించుకున్నదీ వాళ్ళే. పోస్టరు ఎందుకు చింపావో సంజాయిషీ ఇమ్మని మెమో ఇచ్చారు. ‘నా పనే చూసుకున్నాను’ అని జవాబు రాశాను. ఒళ్ళు మండి ఇంకో రెండు మాటలు కూడా రాశాను.

నెలన్నర టీకాకు మస్తాన్‌బీ బిడ్డను తెచ్చింది. బిడ్డ బాగున్నాడు. బరువు చూస్తుంటే ఆమె ఖాళీ గోడ వంక చూసి, "ఇప్పుడేం తాగమంటారు మేడం?" అంది.

తిట్టినా బాగుండేది. నన్ను ఇంకా నమ్ముతోంది!

"ఏ పొడీ వద్దు. మీ అత్త చెప్పింది తిను" అన్నాను.

ఆస్పత్రి గోడకు ఎవరు డబ్బిచ్చి ఏది అంటించినా, చదివేవాళ్ళకు అది నర్సు నోటి మాటే. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా ముందు కింద కంపెనీ పేరుందేమో వెతుకుతాను. ఉంటే అది గోడ ఎక్కదు. మెమోలు ఎన్నైనా ఇచ్చుకోమనండి.