మంచె మీద ఎక్కాలు

ఆ రోజుల్లో దసరా సెలవులంటే పిల్లలకూ పంతుళ్లకూ ఒకటే సంబరం; సెలవులు అయిపోయాక బడికి వెళ్లడానికి ఏడ్చేది మాత్రం పంతుళ్లే. నా సంగతి మరీనూ. అరకు లోయలో ఒక కొండ ఊళ్లో కొత్తగా బడిపంతులు ఉద్యోగం. మైదానంలో మా ఇంట అమ్మ చేతి వంట తిని, మధ్యాహ్నం నిద్రకు అలవాటుపడి, శృంగవరపుకోట దగ్గర కొండ ఎక్కేసరికి నా ఒళ్లు నాకే బరువైంది. తీరా బడి తలుపు తీస్తే ఒక్క పిల్లాడూ లేడు. మొదటిరోజు హాయిగా కునుకు తీశాను (ఎవరూ లేని బడిలో అంతకంటే ఏం చేస్తాం). మర్నాడు కబురొచ్చింది: వచ్చే వారం ఇనస్పెక్టరు దొరవారు తనిఖీకి వస్తున్నారట. పిల్లలు లేరని తేలితే బడి ఎత్తేస్తారు, దాంతోపాటే నా ఉద్యోగమూ పోతుంది. దెబ్బకు నిద్ర వదిలిపోయింది.

ఊరిపెద్ద దగ్గరికి పరుగెత్తాను. ఆయన నోట్లో చుట్ట తీయకుండానే, "జొన్న పాలు పట్టింది పంతులూ. సిలకలు దిగీసినాయి. పిల్లగుంటలు మంచెలెక్కి తోలకపోతే మేం ఏటి తింటాం? కోతలయ్యాక పంపుతాం, బెంగెట్టుకోకు" అన్నాడు. కొండవాలు వైపు చూస్తే నా బడంతా అక్కడే ఉంది: మంచెకొక పిల్లో పిల్లాడో, చేతిలో వడిసెల, గొంతులో కేక. ఎలాగూ అరుస్తున్నారు, ఆ అరిచేదేదో ఎక్కాలే అరిస్తే ఏం పోయింది అనిపించింది. "బడి మంచె మీదికే తెస్తాను. చేతులు నువ్వుంచుకో, నోళ్లు నాకియ్యి" అన్నాను. ఆయన నోట్లోంచి చుట్ట తీసి, "ఎక్కాలకి సిలకలు లెగుత్తాయా?" అని అడిగాడు.

లేచాయి. నేను మధ్య మంచె ఎక్కి "ఏడొకట్ల ఏడూ" అని గొంతు చించుకుంటే, కొండవాలంతా అందుకునేది. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే పక్క మంచె మీది గుంట ఊరుకునేది కాదు. "బేగి సెప్పు పంతులూ, ఆ మూల దిగిపోతన్నాయి!" అని కేకేసేది. తెల్లారేసరికి అంబలి తాగి మంచె ఎక్కడం, చీకటి పడ్డాక దిగడం. మధ్యాహ్నం నిద్ర మాట దేవుడెరుగు.

దొరవారు వచ్చేనాటికి నా గొంతు పూర్తిగా పోయింది. ఆయన గుర్రం దిగి, ఖాళీ బడి చూసి, "పిల్లలేరయ్యా?" అని గుడ్లురిమారు. నేను మాట పెగలక కొండవైపు చెయ్యి చూపించాను. సరిగ్గా అప్పుడే జొన్నచేలో చిలకల గుంపు వాలింది కాబోలు, "ఏడేడ్ల నలభైతొమ్మిదీ!" అని కొండ దద్దరిల్లింది. చిలకలు లేచాయి, వాటితోపాటు దొరవారి గుర్రమూ పరుగు లంకించుకుంది. దాన్ని పట్టుకొచ్చేదాకా ఆయన నిలబడి మిగతా ఎక్కాలన్నీ విన్నారు. "ఒక్కడూ తప్పు చెప్పలేదయ్యా" అని మెచ్చుకుని వెళ్లారు. బడి నిలిచింది.

మరుసటి ఏడు దసరాకు నేను మూట కట్టుకుంటుంటే ఊరిపెద్ద తానే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. "ఎల్లకు బాబూ. నువ్వు నేకపోతే మాకెలాగ?" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చదువంటే ఊరికి ఎంత ప్రేమ పుట్టిందో అని మురిసిపోయి, సెలవులు మానేసి, మూట విప్పేశాను. "ఈ ఏడు జొన్న ఇంకా ఎక్కువేసినాం. గుంటల గొంతులు సాలవు" అంటూ ఆయన గుమ్మం దిగాడు. ఆ మాట నాకు చెవికెక్కనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర పంతులి మీద జాలీ నవ్వూ కలిసి వస్తాయి. కానీ ఆ మాట వినిపించి ఉన్నా వాడు మంచె ఎక్కేవాడే. నువ్వు లేకపోతే ఎలాగ అని అంతకుముందు వాణ్ణి ఎవరూ అనలేదు.