ఇప్పచెట్టు కింద రెండు మొక్కలు

గాలిలోని కర్బనం ఆకులోకి, ఆకులోంచి మట్టిలోకి, మళ్లీ గాలిలోకి ఎలా తిరుగుతుందో చాలా ఏళ్లు బడిలో చెప్పాను. అడవిలో మాత్రం ఎన్నడూ చూడలేదు. రిటైరయ్యాక ఆ కొరత తీర్చుకుందామని మార్చిలో ఒక ఉదయం మధిరలో రైలెక్కాను. ఖమ్మం బస్టాండులో ఇడ్లీ తిని భద్రాచలం బస్సు పట్టుకున్నాను.

పక్క సీట్లో సంతల్లో పాత చీరలమ్మే సాయిబు. నా సంగతి విని, "ఇప్పపువ్వు టైములనే వచ్చిన్రు మేడం. ముత్తమ్మ కాడికి పోన్రి, చెట్టు కింద పరవనీకి నా దగ్గర్నే చీరెలు కొంటది" అని ఊరి పేరు చెప్పాడు.

రాత్రి భద్రాచలం లాడ్జిలో పడుకుని, తెల్లవారకముందే ఆటోలో బయలుదేరాను. వెళ్లేసరికి అరవైకి దగ్గరపడ్డ ముత్తమ్మ, ఆమె భర్త సోమయ్య చెట్టు కిందే ఉన్నారు. పరిచిన చీరల మీద తెల్లగా పువ్వు రాలుతోంది.

"అందరు ఆకులకు అగ్గి పెడ్తరు. నల్లటి నేల మీద పువ్వు మంచిగ కనపడ్తది, ఏరుడు జల్దీ అయితది" అంది ముత్తమ్మ. "గట్ల పెట్టి పెట్టి ఒక్క మొక్క బతకలే. ఈ చెట్టు ముసలిదైంది. ఇది పడితే నా బిడ్డకు ఏముంటది?" ఆకుల్లో తలెత్తిన రెండు ఇప్పమొక్కలను చూపించింది.

"పువ్వు చీరె జూసి రాలుతదా? సగం ఆకుల్లనే పోతది" అని సోమయ్య దెప్పాడు.

నేను ఆకులు కాస్త పక్కకు జరిపాను. కింద చివికిన ఆకు, చెదలు, నల్లమన్ను. చెట్టు గాలిలోంచి తీసుకున్న కర్బనంలో కొంత ఈ పురుగుల ఊపిరితో గాలిలో కలుస్తుంది, కొంత మట్టిలో నిలిచి దానికి పుష్టినిస్తుంది. నిప్పు పెడితే ఒక్క పూటలో పొగైపోతుంది. చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

ఇంతలో గాలి మళ్లింది. గట్టు అవతల ఎవరో పెట్టిన మంట ఆకుల మీదుగా మావైపు పాకింది. ముత్తమ్మ క్షణం ఆగలేదు. చీరల మీది పువ్వంతా నేలమీద కుమ్మరించి, తాగే నీళ్లతో చీరలు తడిపి మంటను బాదసాగింది. సోమయ్య పచ్చి కొమ్మ విరుచుకుని ఉరికాడు. నేను మొక్కల చుట్టూ ఆకులు ఎడంగా లాగాను. మొక్కలకు మూరెడు దూరంలో మంట ఆగింది. అమ్ముకోవాల్సిన పువ్వు మాత్రం మాడిపోయింది.

దెప్పుతాడేమో అనుకున్నాను. సోమయ్య చెమట తుడుచుకుని, "రేపు మల్ల రాలుతది తియ్" అన్నాడు. ఆమె నవ్వింది.

మధ్యాహ్నం తిరుగు బస్సులో పక్కనున్నామె నా చీర వాసన చూసి, "ఏం కాలిందమ్మా?" అంది. ఒక రోజు కూలి, అన్నాను. ఆ మొక్కలు పూయడానికి పదేళ్ల పైనే పడుతుంది, అప్పటికి ముత్తమ్మ ఏరుకునే వయసులో ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంత గొప్ప మనిషిని నేను ఈమధ్య చూడలేదు.