వైరు పెట్టేది ఎవరి గుండెకు?

మా మేనత్త మంగళవారం పొద్దున ఆరు గంటలకు మిర్యాలగూడ ఆసుపత్రిలో చనిపోయింది. న్యుమోనియా. గుండె మాత్రం చివరిదాకా బాగానే కొట్టుకుంది. ఆరేళ్ల కిందట ఆ గుండె కోసమే ఆమె అందరినీ ఎదిరించింది, అందుకే ఈ సంగతి ముందు రాస్తున్నాను.

త్రిపురారంలో గొర్లు పెంచిన మనిషి. పశువుల డాక్టరు సూది తీస్తే, "ఏం సూది? దేనికి?" అని అడగందే గొర్రెను పట్టుకునేది కాదు.

గుండెపోటు వచ్చాక, వారానికోసారి హైదరాబాద్ నుంచి సూర్యాపేట వచ్చే డాక్టరుకు చూపించాం. తొడ దగ్గర నుంచి గుండెదాకా వైరు పంపి స్టెంటు వేయాలన్నాడు. మా దగ్గర ప్రమాదం సంగతి రోగికి చెప్పరు. ఇంట్లో మగవాళ్లను పక్కకు పిలిచి చెబుతారు. డాక్టరు పెద్దకొడుకును పిలవగానే అత్త కూడా లేచి లోపలికి నడిచింది.

"వైరు పెట్టేది వాని గుండెకా, నా గుండెకా? నాకు జెప్పు సారూ."

"భయపడతావమ్మా."

"భయపడితే నేను పడత. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

డాక్టరు నవ్వి కూర్చోమన్నాడు. స్టెంటు వేస్తే మామూలుగా ఏ ఇబ్బందులు వస్తాయో చెప్పడం మొదలుపెట్టాడు.

"అందరి ముచ్చట కాదు. నాకేమైతదో చెప్పు."

వయసు, షుగరు, అంతంతమాత్రపు కిడ్నీలు, వచ్చిపోయిన పోటు. వీటన్నిటి వల్ల ఆమెకు ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువన్నాడు. రక్తం ఆగకపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, ప్రాణమూ పోవచ్చు. వేయకపోతే ముప్పు ఇంకా పెద్దది.

"గట్లయితే ఎయ్యి."

హైదరాబాద్‌లో స్టెంటు వేశాక తొడ దగ్గర రక్తం ఆగలేదు. కిడ్నీలూ దెబ్బతిన్నాయి. కొడుకులు, ఊరివాళ్లు ఆసుపత్రి ముందు గుమిగూడారు. అద్దాలు పగలగొట్టేదాకా వచ్చింది. నేను విలేకరిని కదా, చిన్నకొడుకు నన్ను చెయ్యి పట్టి అత్త మంచం దగ్గరికి లాక్కెళ్లాడు.

"బావా, నువ్వు పేపర్ల రాయి. ఈ డాక్టర్ పని ఖతం."

అత్త కళ్లు తెరిచింది.

"ఏం రాస్తవ్ అల్లుడా? ఆయన జెప్పిండు, నేను ఒప్పుకున్న. వీళ్లందరు గీడ ఉంటే గాడ గొర్లను ఎవడు సూస్తుండు? పొమ్మను."

వెళ్లారు. కొన్ని వారాలకు ఆమె కూడా ఇంటికి వచ్చింది.

రోగికి నిజం చెబితే భయంతోనే పోతారని మా జిల్లాలో ఇప్పటికీ అంటారు. అడిగి చెప్పించుకున్న మనిషి ఆరేళ్లు గొర్ల వెంట తిరిగింది. ఆ మాట అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

కోదాడలో ఉండే ఆమె చెల్లెలికి, మా చిన్నత్తకు, ఇప్పుడు గుండెనొప్పి. అత్త శవం దగ్గర కూర్చుని ఉండగానే చిన్నత్త కొడుకులు అన్నారు: "డాక్టరుతో మేం మాట్లాడతాంలే అమ్మా."

"నా ఒంటి గురించి మీరేం మాట్లాడతార్రా? నేనే అడుగుతా."

వచ్చే శుక్రవారం త్రిపురారంలో అత్త కర్మ. శనివారం పొద్దున సూర్యాపేటలో చిన్నత్తను డాక్టరు చూస్తాడు. గదిలోకి ఆమె ఒక్కతే వెళ్తుంది.